అమైన్లు: ధర్మాలు, రసాయన చర్యలు

అమోనియా అణువులో ఒక నైట్రోజన్‌కు మూడు హైడ్రోజన్లు అంటుకుని ఉంటాయి. వాటిలో ఒకటో రెండో మూడో తీసేసి ఆ చోట కార్బన్ గుంపులను పెడితే వచ్చే కర్బన సమ్మేళనాలే అమైన్లు. ఒక హైడ్రోజన్ పోతే ప్రైమరీ, రెండు పోతే సెకండరీ, మూడూ పోతే టెర్షియరీ అమైన్ అంటారు. ఆల్కహాళ్లకూ ఇవే పేర్లు ఉన్నాయి గానీ అక్కడి లెక్క వేరు. ఆల్కహాల్‌లో హైడ్రాక్సిల్ గుంపు మోసే కార్బన్‌ను చూస్తారు, అమైన్‌లో నైట్రోజన్‌నే చూస్తారు. అందుకే టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్ టెర్షియరీ ఆల్కహాలే అయినా, టెర్షియరీ బ్యూటైల్ అమైన్ మాత్రం ప్రైమరీ అమైన్. పరీక్షల్లో విద్యార్థులు తరచూ బోల్తా పడే చోటు ఇది.

నైట్రోజన్ బయటి కక్ష్యలో ఐదు ఎలక్ట్రాన్లు ఉంటాయి. మూడు బంధాల్లోకి వెళ్తే రెండు మిగులుతాయి. ఈ ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఎంత అందుబాటులో ఉంది అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే అమైన్ల ప్రవర్తన చాలామటుకు తెలిసినట్టే. ఆ జంటను ప్రోటాన్‌కు ఇస్తే అమైన్ క్షారం అవుతుంది, కార్బన్‌కు ఇస్తే న్యూక్లియోఫైల్ అవుతుంది, లోహ అయాన్‌కు ఇస్తే లైగాండ్ అవుతుంది. పక్కనున్న బెంజీన్ వలయంలోకో కార్బొనైల్ గుంపు వైపుకో ఆ జంట ఒరిగితే ఈ గుణాలన్నీ మెత్తబడతాయి. పాఠ్యపుస్తకాల్లో పేజీల కొద్దీ వచ్చే చర్యలను విడివిడిగా బట్టీ పట్టడం కంటే ఈ జంట ఎటు పోతోందో చూడటం మేలు.

అణువు ఆకారం పిరమిడ్‌లా ఉంటుంది. మూడు గుంపులు అడుగున, ఒంటరి జంట కొనన. మూడు గుంపులూ వేరువేరైతే కుడి ఎడమ రూపాలు రెండు ఉండాలి. కానీ మామూలు అమైన్లలో వాటిని విడదీయలేం. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ పిరమిడ్ క్షణానికి కోట్లసార్లు అటూ ఇటూ తిరగబడుతూనే ఉంటుంది. నైట్రోజన్‌ను కదలనివ్వకుండా వలయాల్లో బిగించిన ట్రోగర్ బేస్ అనే సమ్మేళనంలో మాత్రం ఈ రెండు రూపాలను 1944లో వ్లాదిమిర్ ప్రెలాగ్ వేరుచేసి చూపించాడు.

కనుగొన్న తీరు

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ వూర్ట్జ్ 1849లో ఆల్కైల్ ఐసోసయనేట్లను క్షారంతో మరిగించి మిథైల్ అమైన్, ఇథైల్ అమైన్ రాబట్టాడు. ఆ ఘాటు వాయువును మొదట అమోనియా అనుకున్నాడు. మంట తగిలితే అంటుకోవడంతో అది వేరే పదార్థమని తేలింది. ఐసోసయనేట్‌పై నీరు చర్య జరిపితే అమైన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయన్న ఈ సంగతి ముందు ముందు రెండుసార్లు మళ్లీ ఎదురవుతుంది. మరుసటి ఏడే, 1850లో, లండన్‌లో పనిచేస్తున్న జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ విల్హెల్మ్ హాఫ్‌మన్ అమోనియాను ఆల్కైల్ హాలైడ్లతో కలిపి ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ అమైన్లను వరసగా తయారుచేశాడు. అమైన్లంటే రూపం మారిన అమోనియాయేనన్న భావన అక్కడే స్థిరపడింది.

ఆరోమాటిక్ అమైన్ల కథ ఇంకా ముందే మొదలైంది, అదీ నీలిమందుతో. ఒట్టో ఉన్‌ఫెర్డార్బెన్ 1826లో నీలిమందును కాల్చి బట్టీ పట్టగా ఒక నూనె దిగింది. రుంగే 1834లో తారులోంచి ఒక పదార్థం తీశాడు. బ్లీచింగ్ పొడి తగిలితే అది నీలంగా మారేది. జినిన్ 1842లో నైట్రోబెంజీన్‌ను క్షయకరించి మరొకటి తయారుచేశాడు. నలుగురూ నాలుగు పేర్లు పెట్టుకున్న ఈ పదార్థాలన్నీ ఒకటేనని 1843లో హాఫ్‌మన్ రుజువు చేశాడు. నాలుగో వ్యక్తి ఫ్రిట్షే పెట్టిన అనిలిన్ అన్న పేరే నిలిచింది. హాఫ్‌మన్ శిష్యుడు విలియం పెర్కిన్ 1856లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఇంట్లోని ప్రయోగశాలలో క్వినైన్ తయారుచేయబోయి, మలినాలున్న అనిలిన్‌ను ఆక్సీకరించి మావ్ అనే ఊదా రంగు తెచ్చాడు. కృత్రిమ రంగుల పరిశ్రమకు అది పునాది.

భౌతిక ధర్మాలు, నీచు వాసన

మూడు కార్బన్లు, తొమ్మిది హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్ ఉన్న మూడు సాదృశ్యకాలను తీసుకుందాం. ప్రొపైల్ అమైన్ 48 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, ఇథైల్ మిథైల్ అమైన్ 36 దగ్గర, ట్రైమిథైల్ అమైన్ 3 దగ్గర. అణుభారం ఒకటే, తేడా 45 డిగ్రీలు. ప్రైమరీలో నైట్రోజన్‌కు రెండు హైడ్రోజన్లు ఉన్నాయి కాబట్టి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. టెర్షియరీలో పట్టుకోవడానికి హైడ్రోజనే లేదు. దాదాపు అంతే బరువున్న ప్రొపైల్ ఆల్కహాల్ 97 డిగ్రీల దాకా మరగదు. ఆక్సిజన్‌తో పోలిస్తే నైట్రోజన్ హైడ్రోజన్ బంధం బలహీనం. చిన్న అమైన్లు నీటిలో ఎంతైనా కరుగుతాయి, కార్బన్ గొలుసు పెరిగేకొద్దీ ద్రావణీయత పడిపోతుంది. అనిలిన్ 100 మిల్లీలీటర్ల నీటిలో మూడున్నర గ్రాముల దాకా కరుగుతుంది. స్వచ్ఛమైన అనిలిన్‌కు రంగు ఉండదు. సీసాలో గాలి తగులుతూ ఉంటే ఆక్సీకరణం చెంది గోధుమ రంగుకు తిరుగుతుంది.

వాసన దగ్గర కాస్త ఆగాలి. సముద్రపు చేపల కండలో ట్రైమిథైల్ అమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. దానికి వాసన లేదు. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైల్ అమైన్‌గా క్షయకరిస్తుంది, అదే నీచు వాసన. ముక్కలకు నిమ్మరసం పట్టించినా, చింతపండు పులుసులో ఉడికించినా ఆ ఆమ్లం అమైన్ ఒంటరి జంటకు ప్రోటాన్‌ను తగిలించి లవణంగా మారుస్తుంది. లవణం ఆవిరి కాదు, ముక్కుకు చేరదు. చేపల పులుసులో పులుపు రుచి కోసమే కాదన్నమాట. కొల్లేటి వైపు మంచినీటి చేపల్లో ఈ ఆక్సైడ్ బాగా తక్కువ. వాటిలో తగిలే మట్టి వాసన జియోస్మిన్‌ది, అది అమైన్ కాదు, ఆల్కహాల్. కాబట్టి దాని విషయంలో ఈ లవణం లెక్క పనిచేయదు. కుళ్లిన మాంసం కంపుకు కారణమైన పుట్రెసిన్, కడావరిన్ మాత్రం రెండేసి అమైనో గుంపులున్న డైఅమైన్లే.

క్షారత్వం

అమైన్ ప్రోటాన్‌ను తీసుకోగా వచ్చిన అయాన్ పీకేఏ విలువ ఎంత ఎక్కువైతే ఆ అమైన్ అంత బలమైన క్షారం. అమోనియాకు ఈ విలువ 9.2, మిథైల్ అమైన్‌కు 10.6, డైమిథైల్ అమైన్‌కు 10.7, ట్రైమిథైల్ అమైన్‌కు 9.8. మిథైల్ గుంపులు ఎలక్ట్రాన్లను నైట్రోజన్ వైపు నెడతాయి కాబట్టి వాటి సంఖ్యతో బలమూ పెరగాలి. మూడో మిథైల్ దగ్గర ఎందుకు తగ్గింది? తప్పు నైట్రోజన్‌ది కాదు, నీటిది. ధనావేశం వచ్చిన అయాన్‌ను నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో చుట్టుముట్టి నిలబెడతాయి. ట్రైమిథైల్ అమైన్ అయాన్‌లో నైట్రోజన్‌పై హైడ్రోజన్ ఒక్కటే ఉంది, ఆసరా తగ్గింది. నీరు లేని వాయుస్థితిలో కొలిస్తే వరస చక్కగా సరిపోతుంది: టెర్షియరీ అన్నిటికంటే బలమైనది, అమోనియా అన్నిటికంటే బలహీనం.

అసలు తేడా అనిలిన్‌లో కనిపిస్తుంది. సైక్లోహెక్సైల్ అమైన్, అనిలిన్ రెండింటిలోనూ ఆరు కార్బన్ల వలయమే, దానికి ఒక అమైనో గుంపే. మొదటిదాని విలువ 10.6, రెండోదానిది 4.6. అంటే క్షార బలంలో పది లక్షల రెట్ల తేడా. అనిలిన్‌లో ఒంటరి జంట రెజొనెన్స్ ద్వారా బెంజీన్ వలయంలోకి జారుకుంది, ప్రోటాన్‌కు సులువుగా దొరకదు. వలయంలో పారా స్థానంలో నైట్రో గుంపు పెడితే విలువ 1కి దిగిపోతుంది. ఎమైడ్లలో కార్బొనైల్ గుంపు ఆ జంటను ఇంకా గట్టిగా లాగుతుంది. అందుకే ఎమైడ్లకు చెప్పుకోదగ్గ క్షారత్వమే లేదు.

ఈ ఆమ్ల క్షారాల ఆటను జనం శాస్త్రం చదవకుండానే వాడుకున్నారు. పొగాకు ఆకులో నికోటిన్ ఎక్కువగా సేంద్రియ ఆమ్లాల లవణంగా ఉంటుంది. లవణం నోటి పొరలోంచి లోపలికి సులువుగా పోదు. పొగాకు నలిపి సున్నం రాసి దవడన పెట్టుకునేవారు చేసేదేమిటంటే, సున్నం అనే బలమైన క్షారంతో నికోటిన్‌ను లవణంలోంచి విడిపించడం. విడిపడ్డ నికోటిన్ కొవ్వు పొరల్ని దాటి గబగబా రక్తంలో కలుస్తుంది, మత్తు తొందరగా ఎక్కుతుంది. ముప్పూ అలాగే పెరుగుతుంది. మందుల కంపెనీలు సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తాయి. మాత్రల అట్ట మీద సిట్రజిన్ హైడ్రోక్లోరైడ్, మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్, ఆమ్లోడిపిన్ బెసిలేట్ అని ఉంటుంది. ఇవన్నీ అమైన్లు, లేదా అమైన్ల దగ్గరి చుట్టాలు. ఆమ్లంతో కలిపి లవణంగా మారిస్తే నీటిలో బాగా కరుగుతాయి, గట్టి స్ఫటికాలుగా నిలవుంటాయి. ప్రయోగశాలలో మిశ్రమంలోంచి అమైన్‌ను విడదీసేదీ ఇదే సూత్రంతో: ఆమ్లం పోస్తే అది నీటి పొరలోకి దిగుతుంది, ఆ నీటిలో క్షారం పోస్తే మళ్లీ పైకి తేలుతుంది.

తయారీ, నీలిమందు పతనం

హాఫ్‌మన్ పద్ధతిలో అమోనియాను ఆల్కైల్ హాలైడ్‌తో కలిపితే ఒక చిక్కుంది. వచ్చిన ప్రైమరీ అమైన్ అమోనియా కంటే మంచి న్యూక్లియోఫైల్, అది మళ్లీ హాలైడ్‌తో కలుస్తుంది. చివరికి మూడు రకాల అమైన్లు, నైట్రోజన్‌కు నాలుగు గుంపులున్న క్వాటర్నరీ లవణం అన్నీ కలగలిసి వస్తాయి. దీనికి విరుగుడుగా గాబ్రియెల్ 1887లో నైట్రోజన్‌ను థాలిమైడ్‌లో బంధించి ఒకే ఒక్క ఆల్కైల్ గుంపు ఎక్కేలా చేశాడు. పరిశ్రమలో మిథైల్ అమైన్లను మాత్రం ఈ కలగలుపుకు భయపడకుండానే చేస్తారు: మిథనాల్, అమోనియా ఆవిరులను వేడి ఉత్ప్రేరకం మీదుగా పంపి, వచ్చిన మూడింటినీ స్వేదనంతో వేరుచేసి, అక్కర్లేనిదాన్ని తిరిగి లోపలికే తోస్తారు. డైమిథైల్ అమైన్‌కు మన దగ్గర గిరాకీ ఎక్కువ, ఎందుకంటే మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్‌కు అదే ముడిసరుకు. ఆల్డిహైడ్, కీటోన్లను అమోనియాతో కలిపి క్షయకరించడం, నైట్రైల్స్‌ను హైడ్రోజనీకరించడం కూడా బాగా వాడుకలో ఉన్న దారులే. అనిలిన్‌కు మాత్రం జినిన్ నాటి నుంచీ నైట్రోబెంజీన్ క్షయకరణమే రాజమార్గం. బెషాంప్ 1854లో ఇనుప రజను, ఆమ్లంతో దాన్ని చౌక చేశాడు. ఇప్పుడు ఎక్కువగా హైడ్రోజన్ వాయువు, లోహ ఉత్ప్రేరకం వాడుతున్నారు.

హాఫ్‌మన్ 1881లో ప్రకటించిన మరో చర్య చరిత్రలో పెద్ద పని చేసింది. ఎమైడ్‌ను బ్రోమిన్, క్షారంతో కలిపితే కార్బొనైల్ కార్బన్ ఊడిపోయి, ఒక కార్బన్ తక్కువగా ఉన్న ప్రైమరీ అమైన్ వస్తుంది. మధ్యలో పుట్టేది ఐసోసయనేట్, దాన్ని నీరు అమైన్‌గా మారుస్తుంది. వూర్ట్జ్ చర్యే ఇక్కడ లోపల దాగి ఉంది. జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీ ఈ చర్యతో థాలిమైడ్ నుంచి ఆంథ్రానిలిక్ ఆమ్లం చేసింది. 1890లో హాయ్‌మన్ చూపిన పద్ధతిలో దాన్నుంచి నీలిమందు తయారుచేసి 1897లో బజారులో పెట్టింది. ఆ తర్వాత అనిలిన్ నుంచే చేసే ఇంకా చౌకైన దారి వచ్చింది. నీలిమందులోంచి అనిలిన్‌ను తీసిన 75 ఏళ్లకు అనిలిన్‌లోంచి నీలిమందు తీశారన్నమాట. బెంగాల్, బీహార్లతో పాటు మద్రాసు రాజధానిలోని కడప, నెల్లూరు సీమల్లో సాగయ్యే నీలి పైరు 1914 నాటికి చాలామటుకు కనుమరుగైంది. రైతులను పీల్చిన ప్లాంటర్ల వ్యవస్థ కూడా ఆ తర్వాత కూలింది కాబట్టి దీన్ని పూర్తి నష్టమని రాయడం సరికాదు.

కార్బన్‌తో చర్యలు

ఆమ్ల క్లోరైడ్లు, ఎన్‌హైడ్రైడ్లతో ప్రైమరీ, సెకండరీ అమైన్లు ఎమైడ్లనిస్తాయి. పారా అమైనోఫినాల్‌లో ఒక అమైనో గుంపు, ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉన్నాయి. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపితే అది హైడ్రాక్సిల్‌ను వదిలి అమైనో గుంపునే పట్టుకుంటుంది, నైట్రోజన్ మెరుగైన న్యూక్లియోఫైల్ కాబట్టి. వచ్చేది పారసెటమాల్. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీలు టన్నుల కొద్దీ చేసే సరుకు ఇది. హిన్స్‌బర్గ్ పరీక్షలోనూ ఇదే తరహా చర్య: బెంజీన్ సల్ఫొనైల్ క్లోరైడ్‌తో ప్రైమరీ అమైన్ ఇచ్చే పదార్థం క్షారంలో కరుగుతుంది, సెకండరీది కరగదు, టెర్షియరీ చర్యే జరపదు.

ఫాస్‌జీన్‌తో ప్రైమరీ అమైన్లు ఐసోసయనేట్లనిస్తాయి. భోపాల్‌లో కార్బరిల్ అనే పురుగుమందు కోసం మిథైల్ అమైన్‌తో మిథైల్ ఐసోసయనేట్ చేసి నిల్వ పెట్టేవారు. 1984 డిసెంబర్ 2 రాత్రి దాదాపు 40 టన్నులున్న ట్యాంకులోకి నీరు చేరింది. వూర్ట్జ్ 1849లో గాజు పాత్రలో చూసిన చర్యే ఇక్కడా మొదలైంది: మిథైల్ అమైన్, కార్బన్ డయాక్సైడ్, బోలెడు వేడి. వచ్చిన అమైన్ మిగతా ఐసోసయనేట్‌తో కలిసి ఇంకా వేడి పుట్టించింది, వేడికి మిగిలినది మరిగి ఆవిరై ఊరి మీదకు పోయింది. రసాయనం కొత్తదేమీ కాదు, నూట ముప్పై ఏళ్లుగా పుస్తకాల్లో ఉన్నదే. అందుకే దాన్ని అనుకోని ప్రమాదం అనడం ఒప్పుకోలేం.

ఆల్డిహైడ్, కీటోన్లతో ప్రైమరీ అమైన్లు నీటిని వదిలి ఇమైన్లనిస్తాయి. హ్యూగో షిఫ్ 1864లో వీటిని వర్ణించాడు, షిఫ్ క్షారాలనీ అంటారు. కంటి రెటీనాలో విటమిన్ ఏ నుంచి వచ్చిన రెటినల్ అనే ఆల్డిహైడ్, ప్రోటీన్‌లోని లైసిన్ అమైనో గుంపుతో ఇలాగే కలిసి ఉండబట్టే మనకు చూపు. సెకండరీ అమైన్లు కలిస్తే ఎనమైన్లు వస్తాయి. ప్రోలిన్ అనే మామూలు అమైనో ఆమ్లం ఎనమైన్ మీదుగా పనిచేసే ఉత్ప్రేరకమని 2000లో బెంజమిన్ లిస్ట్ చూపాడు. అదే ఏడు డేవిడ్ మెక్‌మిలన్ మరో సెకండరీ అమైన్‌తో ఇమీనియం దారి చూపాడు. ఇద్దరికీ 2021లో నోబెల్ వచ్చింది.

టెర్షియరీ అమైన్‌కు నాలుగో గుంపు తగిలిస్తే క్వాటర్నరీ లవణం వస్తుంది. శానిటైజర్లలోని బెంజాల్కోనియం క్లోరైడ్ ఈ జాతిదే. క్వాటర్నరీ హైడ్రాక్సైడ్‌ను వేడిచేస్తే తక్కువ కొమ్మలున్న ఆల్కీన్ ఎక్కువగా వస్తుంది. ఈ హాఫ్‌మన్ విలోపన చర్యతో ఒకప్పుడు ఆల్కలాయిడ్ల నిర్మాణాన్ని ముక్క ముక్కగా విప్పి తెలుసుకునేవారు.

నైట్రస్ ఆమ్లం, డయజోనియం రంగులు

ప్రైమరీ అలిఫాటిక్ అమైన్‌కు నైట్రస్ ఆమ్లం తగిలితే నైట్రోజన్ వాయువు బుడగలుగా పోయి ఆల్కహాల్ మిగులుతుంది. ఆరోమాటిక్ ప్రైమరీ అమైన్ చల్లగా ఉంటే నైట్రోజన్‌ను వదలదు. పీటర్ గ్రీస్ 1858లో కనుగొన్న డయజోనియం లవణాలు ఇవే. ఇంటర్ ప్రయోగశాలలో చేసే పరీక్షలో అనిలిన్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, గొట్టాన్ని ఐసు ముక్కల్లో పెట్టి 5 డిగ్రీల లోపు చల్లబరుస్తారు. సోడియం నైట్రైట్ ద్రావణాన్ని చుక్క చుక్కగా వేస్తారు. క్షారంలో కరిగించిన బీటా నాఫ్తాల్‌ను చేర్చగానే నారింజ ఎరుపు అవక్షేపం పడుతుంది. ఐసు చాలకపోతే బుడగలొచ్చి ఫినాల్ వాసన కొట్టి, గొట్టంలో గోధుమ రంగు జిడ్డు మిగులుతుంది.

చేనేత అద్దకంలో నాఫ్తాల్ రంగులు చేసేదీ ఇదే. నూలును ముందు క్షారంలోని నాఫ్తాల్‌లో ముంచి పిండి, తర్వాత డయజో ద్రావణంలో ముంచుతారు. రంగు పోగులోనే పుడుతుంది, నీటిలో కరగదు, ఉతికినా దిగదు. అయితే ఇలా పుట్టే అజో రంగుల్లో కొన్ని ఒంట్లో విచ్ఛిన్నమై బెంజిడిన్ వంటి కేన్సర్ కారక అమైన్లను వదులుతాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రంగుల ఫ్యాక్టరీ కార్మికులకు మూత్రాశయపు కేన్సర్ వస్తోందని లుడ్విగ్ రేన్ 1895లోనే చెప్పాడు. అలాంటి రంగుల మీద జర్మనీ, ఆ వెనుకే భారత్ 1990లలో నిషేధం పెట్టాయి.

అమైనో గుంపు బెంజీన్ వలయాన్ని ఎంత చురుగ్గా చేస్తుందంటే, అనిలిన్‌లో బ్రోమిన్ నీరు పోస్తే ఉత్ప్రేరకం అక్కర్లేకుండానే మూడు బ్రోమిన్లు ఎక్కి తెల్లటి అవక్షేపం పడుతుంది. ఒక్కటే కావాలంటే ముందు ఎసిటైల్ గుంపు తగిలించి జంట దూకుడు తగ్గించాలి. నైట్రేషన్‌లో బలమైన ఆమ్లం ప్రోటాన్‌తో ఆ జంటనే కట్టేస్తుంది కాబట్టి, అనుకోని మెటా రూపం 47 శాతం దాకా వస్తుంది.

సెకండరీ అమైన్లకు నైట్రస్ ఆమ్లం కలిస్తే నైట్రోసమైన్లు వస్తాయి. వీటిలో చిన్నదైన నైట్రోసోడైమిథైల్ అమైన్ ఎలుకల్లో కాలేయపు కేన్సర్ తెస్తుందని మెగీ, బార్న్స్ 1956లో చూపారు. 2018లో రక్తపోటు మందు వల్‌సార్టాన్‌లో ఇది దొరకడంతో ప్రపంచమంతటా మాత్రలు వెనక్కి రప్పించారు. డైమిథైల్ ఫార్మమైడ్ ద్రావణి నుంచి వచ్చిన డైమిథైల్ అమైన్, శుద్ధిలో వాడిన నైట్రైట్ కలవడమే కారణం. ఎసిడిటీకి వాడే రానిటిడిన్‌ను 2020లో అమెరికా బజారు నుంచి తీయించింది కూడా ఈ మలినం వల్లనే.

సుబ్బారావు, ఒక అమైనో గుంపు

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపించారు. అక్కడ ఫోలిక్ ఆమ్లపు వలయంలో ఒక హైడ్రాక్సిల్ చోట అమైనో గుంపు పెట్టి అమినోప్టెరిన్ చేశారు. ఆ మార్పుతో వలయపు క్షారత్వం పెరిగి, కణ విభజనకు కావలసిన ఎంజైముకు మందు అతుక్కుపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో దీన్ని లుకేమియా పిల్లలకిచ్చి తాత్కాలికంగానైనా వ్యాధిని అణచగలిగాడు. దాని నైట్రోజన్‌పై మరో మిథైల్ చేరిస్తే వచ్చే మెథోట్రెక్సేట్ నేడు కీళ్లవాతానికీ ఇస్తున్నారు. సుబ్బారావు బృందం 1947లో వెలువరించిన డైఇథైల్ కార్బమజైన్ పైపరజైన్ వలయమున్న అమైన్, మాత్రల్లో సిట్రేట్ లవణంగా ఉంటుంది. బోదకాలు నివారణకు ప్రభుత్వాలు ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర అదే.